అటక మీది కేసెట్లు: పాత వి.సి.ఆర్.ను నేటి టి.వి.కి కలుపుట

గత వేసవిలో ఒక ఆదివారం ఉదయం, మన టౌన్‌షిప్ గేటు అవతలి వీధిలో స్వగృహంలో నివసిస్తున్న పిన్నిగారు ఒక గుడ్డసంచి పట్టుకొని మా ఇంటికి వచ్చారు. వారి భర్త మా విభాగంలో ఫోర్‌మన్‌గా పనిచేసి 1994లో పదవీ విరమణ చేశారు. మేము ట్రైనీగా చేరిన కొత్తలో మాకు పని నేర్పినది ఆయనే. ఆయన దివంగతులై పదకొండేళ్ళు గడిచాయి. పిన్నిగారు సంచిలోనుంచి ఒక వీడియో కేసెట్ తీసి బల్ల మీద పెట్టారు.

"బాబూ, ఆయన రిటైరైన రోజున క్లబ్బులో తీసిన కేసెట్ ఇది. ఫొటోలు గోడకు ఉన్నాయి గానీ ఆయన గొంతు మాత్రం ఇందులోనే ఉంది. ఒక్కసారి వినిపించగలవా నాయనా?" అని అడిగారు.

మా అటక మీద వి.సి.ఆర్. ఉన్నది. హాలులో ఫ్లాట్ టి.వి. ఉన్నది. రెండింటినీ ఒక తీగతో కలిపితే చాలదా అని ఎవరికైనా తోస్తుంది. అయినా ఆ పూట మేము ఆ కేసెట్‌ను యంత్రంలో పెట్టలేదు. "కొన్ని రోజులు గడువివ్వండి పిన్నిగారూ" అని మాత్రమే చెప్పాము. అందుకు కారణం మా స్వానుభవమే. ఆ అనుభవాన్ని, దాని నుంచి నేర్చుకున్న పద్ధతిని మన సంస్థ కుటుంబాలతో పంచుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా తొందరపాటు

1998లో మా అమ్మాయి అన్నప్రాసనను బంధువొకరు కేసెట్‌పై చిత్రించి ఇచ్చారు. 2021లో ఒక సాయంత్రం అమ్మాయికి దానిని చూపించాలని మాకు ఉత్సాహం కలిగింది. సుమారు పదిహేనేళ్ళుగా కరెంటు ఎరుగని వి.సి.ఆర్.ను అటక నుంచి దింపి, దుమ్ము తుడిచి, తీగలు కలిపి, కేసెట్‌ను లోపలికి తోశాము. బొమ్మ వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు నిమిషాలు గడవకముందే తెర నీలిరంగుకు తిరిగింది. లోపల కరకరమని శబ్దం వినిపించింది. కేసెట్‌ను బయటకు తీసేసరికి దాని వెంట నలిగిపోయిన టేపు మూరల కొద్దీ వచ్చింది. చనిపోయిన మా నాన్నగారు మనుమరాలిని ఒడిలో కూర్చోబెట్టుకొన్న ఘట్టం సరిగ్గా ఆ నలిగిన భాగంలోనే ఉండిపోయింది.

మెగ్గర్‌తో పరీక్షించనిదే మోటారుకు కరెంటు ఇవ్వని వాళ్ళం, పర్మిట్ చేతికి రానిదే ప్యానెల్ తలుపు తెరవని వాళ్ళం, ఇంటి యంత్రం విషయంలో మాత్రం ఆ క్రమశిక్షణను గేటు దగ్గరే వదిలి వచ్చాము. తప్పు యంత్రానిది కాదు, మాది.

యంత్రం లోపల జరిగే పని

వి.హెచ్.ఎస్. పద్ధతిని జపాన్‌కు చెందిన జె.వి.సి. సంస్థ 1976లో విపణిలోకి తెచ్చింది. మన దేశంలో 1982లో రంగుల ప్రసారాలు మొదలైన తరువాత వి.సి.ఆర్.ల వ్యాప్తి ఊపందుకున్నది. గల్ఫ్ దేశాల నుంచి వచ్చే బంధువుల సామానులో అది గౌరవస్థానం పొందింది. యంత్రాన్ని ఒక రాత్రికి అద్దెకు తెచ్చి, టి.వి.ని వరండాలో పెట్టి, వీధి వీధంతా చాపలు పరచుకొని తెల్లవార్లూ మూడు సినిమాలు చూసిన రోజులు మన కాలనీలలో పెద్దలెందరికో జ్ఞాపకమే. సినిమాల కేసెట్లు ఏనాడో మాయమైనా ఫరవాలేదు. అవి మరొక రూపంలో దొరుకుతాయి. పెళ్ళిళ్ళు, ఉపనయనాలు, వీడ్కోలు సభల కేసెట్లకు మాత్రం రెండవ ప్రతి లేదు. అసలైన విలువ వాటిదే.

కేసెట్‌లోని టేపు వెడల్పు అర అంగుళం. మూడు గంటల కేసెట్‌లో ఇంచుమించు 250 మీటర్ల టేపు ఉంటుంది. కేసెట్‌ను లోపల పెట్టగానే యంత్రం ఆ టేపును బయటకు లాగి, వాలుగా అమర్చిన ఒక లోహపు డ్రమ్ము చుట్టూ తిప్పుతుంది. డ్రమ్ము వ్యాసం 62 మిల్లీమీటర్లు. మన దేశంలో వాడుకలో ఉన్న పాల్ పద్ధతిలో అది నిమిషానికి 1500 చుట్లు, అంటే సెకనుకు 25 చుట్లు తిరుగుతుంది. టేపు మాత్రం సెకనుకు రెండున్నర సెంటీమీటర్ల కంటె తక్కువ వేగంతో మెల్లగా జరుగుతుంది. డ్రమ్ముపై అమర్చిన సూక్ష్మమైన హెడ్లు టేపుపై ఏటవాలుగా గీచిన అయస్కాంతపు గీతలను చదువుతాయి. ఒక్కొక్క చుట్టుకు ఒక పూర్తి బొమ్మ తయారవుతుంది.

ఈ వివరమంతా చెప్పడంలో మా ఉద్దేశం ఒకటే. టేపును లాగేవి, చుట్టేవి, నొక్కిపట్టేవి రబ్బరు బెల్టులు, రబ్బరు చక్రాలు. ఏళ్ళ తరబడి కదలక ఉంటే రబ్బరు సాగిపోతుంది, లేదా గట్టిపడుతుంది. అప్పుడు ఒక పక్క నుంచి టేపు వస్తూనే ఉంటుంది, రెండవ పక్క దానిని చుట్టుకొనే చక్రం జారిపోతుంది. మా కేసెట్‌కు జరిగినది ఇదే.

మొదట కేసెట్ పరీక్ష

కేసెట్‌ను వెలుతురులో పట్టుకొని, దాని కిటికీ గుండా టేపు చుట్టను జాగ్రత్తగా చూడాలి. చుట్ట అంచుపై తెల్లని పొడి గాని, దారాల వంటి పోగులు గాని కనిపిస్తే అది బూజు. అటువంటి కేసెట్‌ను ఎట్టి పరిస్థితిలోనూ యంత్రంలో పెట్టరాదు. ఆ బూజు హెడ్లకు అంటుకొని, తరువాత పెట్టిన మంచి కేసెట్లకు కూడా వ్యాపిస్తుంది. సముద్రతీర పట్టణాలలో నివసించేవారు ఈ విషయంలో మరింత జాగరూకులై ఉండాలి. బూజు పట్టిన టేపును శుభ్రపరచడం అనుభవజ్ఞుల పని. మనం చేయగలిగినది దానిని విడిగా, పొడి ప్రదేశంలో ఉంచడమే.

రెండవది, కేసెట్ వీపు అంచున ఎడమ మూలన ఒక చిన్న ప్లాస్టిక్ పలక ఉంటుంది. దానిని విరిచివేస్తే ఆ కేసెట్‌పై కొత్తగా రికార్డు కాదు. పలక ఇంకా ఉన్నా, విరిగిన చోట ఎవరైనా కాగితం అంటించి ఉన్నా వెంటనే తొలగించాలి. రిమోట్‌పై ఒక తప్పు మీట నొక్కితే మూడు దశాబ్దాల జ్ఞాపకం చెరిగిపోవచ్చు.

మూడవది, ఎ.సి. గది నుంచి గాని, తేమ చోటు నుంచి గాని తెచ్చిన కేసెట్‌ను, యంత్రాన్ని కొన్ని గంటలు గది ఉష్ణోగ్రతలో ఉంచాలి. చల్లని డ్రమ్ముపై చెమ్మ చేరితే టేపు దానికి అంటుకుపోతుంది.

తరువాత యంత్ర పరీక్ష

తీగలు కలపడానికి ముందే యంత్రం ఆరోగ్యాన్ని తెలుసుకోవాలి. విదేశాల నుంచి తెచ్చిన యంత్రమైతే వెనుక పలకపై వోల్టేజి చదవడం ప్రథమ కర్తవ్యం. అమెరికాలో కొన్నది 120 వోల్టులకే తయారై ఉంటుంది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మరుక్షణమే కాలిపోతుంది.

కరెంటు ఇచ్చిన తరువాత, పోయినా విచారం లేని ఒక పాత సినిమా కేసెట్‌ను పెట్టాలి. కొంతసేపు ఆడించాలి, ఆపాలి, ముందుకు వెనుకకు చుట్టాలి, బయటకు తీయాలి. కేసెట్ మూత ఎత్తి టేపు అంచులు మడతపడ్డాయేమో, గీతలు పడ్డాయేమో చూడాలి. ఇలా కనీసం నాలుగైదు సార్లు చేసి, టేపు చెక్కుచెదరకుండా వస్తేనే అసలు కేసెట్‌ను ముట్టుకోవాలి. ఈ ఒక్క పరీక్ష మేము 2021లో చేసి ఉంటే మా నాన్నగారి బొమ్మ నిలిచి ఉండేది.

బొమ్మపై మంచు కురిసినట్లు చుక్కలు వస్తే హెడ్లపై మురికి చేరి ఉండవచ్చు. ప్లగ్గు తీసివేసి, పోగులు రాలని మెత్తని తోలుముక్కను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపి డ్రమ్ముకు ఆనించి పట్టుకోవాలి. డ్రమ్మును పైనుంచి చేతితో నెమ్మదిగా తిప్పాలి. గుడ్డను పైకీ కిందికీ ఎన్నడూ రుద్దరాదు. అలా రుద్దితే హెడ్డు విరుగుతుంది. చెవిలో పెట్టుకొనే దూది పుల్లలు ఇక్కడ పనికిరావు. ప్లగ్గు తీసిన తరువాత కూడా పవర్ సప్లై భాగంలోని కెపాసిటర్లలో కరెంటు నిలువ ఉంటుంది. కనుక ఈ పని తెలియనివారు మూత తెరవకుండా మెకానిక్‌కు అప్పగించడమే క్షేమం.

కలిపే విధానాలు మూడు

మొదటిది ఏ.వి. పద్ధతి. వి.సి.ఆర్. వెనుక 'ఔట్' అని రాసి ఉన్న చోట గుండ్రని సాకెట్లు ఉంటాయి. పసుపుపచ్చనిది బొమ్మకు, తెల్లనిది ఎడమ ధ్వనికి, ఎర్రనిది కుడి ధ్వనికి. వీటిని టి.వి. వెనుక 'ఇన్' అని ఉన్న అవే రంగుల సాకెట్లకు కలపాలి. వి.సి.ఆర్.కు కూడా 'ఇన్' సాకెట్లు ఉంటాయి గనుక తొందరలో అక్కడే గుచ్చి, బొమ్మ రాలేదని విచారించేవారు ఎక్కువ. 'బయటకు' నుంచి 'లోపలికి' అన్న సూత్రం గుర్తుంటే చాలు. యంత్రానికి ఒకే ధ్వని సాకెట్ ఉంటే దానిని టి.వి. తెల్ల సాకెట్‌కు కలపాలి. ఆ తరువాత టి.వి. రిమోట్‌పై 'సోర్స్' మీట నొక్కి 'ఏ.వి.' ఎంచుకోవాలి.

కొన్ని కొత్త టి.వి.లలో పసుపు సాకెట్ కనిపించదు. ఆకుపచ్చ సాకెట్ చుట్టూ పసుపు గీత ఉంటే పసుపు పిన్నును అందులోనే పెట్టాలి. మరికొన్నింటిలో ఇయర్‌ఫోన్ రంధ్రం వంటిది ఒక్కటే ఉంటుంది. దానికి టి.వి.తో పాటు ఇచ్చిన చిన్న తీగ కావాలి. బజారులో దొరికే తీగలన్నింటిలో లోపలి కనెక్షన్ల వరుస ఒకే విధంగా ఉండదు. బొమ్మ బదులు గురగుర శబ్దం వస్తే పసుపు, ఎరుపు, తెలుపు పిన్నులను మార్చి చూడాలి.

రెండవది యాంటెనా పద్ధతి. ఏ.వి. సాకెట్లు లేని పాత టి.వి.లకు ఇదే శరణ్యం. వి.సి.ఆర్. 'ఆర్.ఎఫ్. ఔట్' నుంచి కోయాక్సియల్ తీగను టి.వి. యాంటెనా సాకెట్‌కు కలపాలి. పాల్ యంత్రాలు చాలావరకు యు.హెచ్.ఎఫ్. 36వ ఛానల్ పరిసరాలలో బొమ్మను పంపుతాయి. యంత్రం వెనుక 'టెస్ట్' స్విచ్ ఉంటే దానిని వేసి, టి.వి.ని ట్యూన్ చేస్తూ పోతే ఒక చోట నిలువు తెల్ల పట్టీలు కనిపిస్తాయి. అదే మన ఛానల్. బొమ్మ నాణ్యత మొదటి పద్ధతి కంటె కొంత తక్కువ.

మూడవది మార్పిడి పెట్టె పద్ధతి. టి.వి.కి హెచ్.డి.ఎం.ఐ. తప్ప మరేమీ లేకపోతే 'ఏ.వి. నుంచి హెచ్.డి.ఎం.ఐ.కి' మార్చే చిన్న పెట్టె కొనాలి. చూడటానికి ఇదే విధంగా ఉండి, వ్యతిరేక దిశలో పనిచేసే పెట్టె కూడా బజారులో ఉంది. కొనేటప్పుడు పైన రాసిన దిశను చదివి తీసుకోవాలి. దానికి యు.ఎస్.బి. ద్వారా 5 వోల్టుల కరెంటు కూడా ఇవ్వాలి. ఈ సంగతి మరచి, పెట్టె పాడైనదని దుకాణానికి తిరిగి ఇచ్చినవారిని మేమెరుగుదుము.

బొమ్మ సరిగా రాకపోతే

తెర అడుగునో నడుమనో అడ్డంగా మసక పట్టీ కదులుతుంటే 'ట్రాకింగ్' మీటను మెల్లగా సవరించాలి. ప్రతి కేసెట్‌కు దీనిని వేరుగా చూసుకోవాలి. తెర అట్టడుగున సన్నని చెదురు గీత మాత్రం ఏ కేసెట్‌లోనైనా ఉంటుంది. పాత టి.వి.లలో అది చట్రం వెనుక దాగేది, ఇప్పుడు కనిపిస్తున్నదంతే.

రంగు లేక తెలుపు నలుపుగా వస్తే రెండు కారణాలు. ఆకుపచ్చ సాకెట్ ఉన్న టి.వి.లో 'ఏ.వి.' బదులు 'కాంపొనెంట్' ఎంచుకొని ఉండవచ్చు. లేదా కేసెట్ అమెరికాలో తీసినది కావచ్చు. అక్కడి ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో బొమ్మకు 525 గీతలు, మన పాల్ పద్ధతిలో 625. పిల్లలు అమెరికా నుంచి పంపిన కేసెట్లకు రెండు పద్ధతులూ చదవగల యంత్రం కావాలి.

నలిగిన చోట ఫ్లాట్ టి.వి. బొమ్మను వదిలివేసి నీలి తెర చూపుతుంది. పాత డబ్బా టి.వి. అదే చోట వణుకుతూనైనా బొమ్మను నిలిపేది. కాబట్టి నీలి తెర రాగానే టేపు ఖాళీ అని నిర్ణయించరాదు. ఇక మనుషులు లావుగా కనిపిస్తే టి.వి. నిష్పత్తిని 4:3కు మార్చాలి. ధ్వనిలో 'హమ్' వినిపిస్తే టి.వి.కి కలిపిన కేబుల్ తీగను తాత్కాలికంగా తీసి చూడాలి.

చూడటంతో సరిపెట్టరాదు

ఇంత శ్రమపడి కలిపిన తరువాత ఒకసారి చూసి మళ్ళీ అటక ఎక్కించడం సరికాదు. వి.సి.ఆర్.లను తయారుచేస్తూ వచ్చిన చివరి సంస్థగా పేరుపొందిన జపాన్ ఫునాయ్ కంపెనీ 2016 జూలైలో ఉత్పత్తిని ఆపివేసింది. ఇప్పుడు ఉన్న యంత్రాలే ఉన్నవి. బెల్టు మార్చగల మెకానిక్కులు కూడా వయోవృద్ధులవుతున్నారు. టేపుపై అయస్కాంత పూతను పట్టి ఉంచే జిగురు కూడా కాలక్రమంలో బలహీనపడుతుంది. కనుక ఆడించే మొదటిసారే నకలు తీసుకోవడం వివేకం.

వి.సి.ఆర్. ఏ.వి. ఔట్‌ను ఒక చిన్న యు.ఎస్.బి. క్యాప్చర్ పరికరం ద్వారా కంప్యూటరుకు కలపవచ్చు. పాల్ కేసెట్‌కు 720 x 576 పరిమాణం ఎంచుకోవాలి. అంతకు మించి పెంచినా టేపులో లేని వివరం రాదు. సాధారణ డి.వి.డి. నాణ్యతలో ఒక గంటకు రెండు మూడు గిగాబైట్లు పడుతుంది. మూడు గంటల కేసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, దగ్గర దారి లేదు. మొదటి ఐదు నిమిషాలు నకలు తీసి, ధ్వని పడినదో లేదో విని, ఆ తరువాతే ముందుకు సాగాలి. కంప్యూటరు మధ్యలో నిద్రపోకుండా అమర్చుకోవాలి. పూర్తయిన నకలును కనీసం రెండు మూడు చోట్ల దాచి, ఒకటి వేరే ఊరిలోని పిల్లల వద్ద ఉంచాలి.

పిన్నిగారి కేసెట్

పిన్నిగారి పని కోసం మా యంత్రాన్ని పట్టణంలో రేడియోలు బాగుచేసే ఒక వృద్ధ మెకానిక్‌కు ఇచ్చాము. ఆయన బెల్టు, చుట్టే చక్రపు రబ్బరు మార్చి, వారంలో తిరిగి ఇచ్చారు. ఒక పాత సినిమా కేసెట్‌తో ఆరుసార్లు పరీక్షించాము. బూజు లేదని, పలక విరిచి ఉన్నదని చూసుకొని, పిన్నిగారి కేసెట్‌ను ఒకసారి చివరిదాకా చుట్టి, తిరిగి మొదటికి తెచ్చాము. తరువాతి ఆదివారం కబురు పంపాము. క్యాప్చర్ పరికరం పనిచేస్తూ ఉండగా కంప్యూటరు తెరపైనే అందరం చూశాము.

క్లబ్బు హాలు, ప్లాస్టిక్ పూలదండలు, వెనుక వరుసలో మీసం సరిగా రాని మేము. ఫోర్‌మన్‌గారు మైకు ముందు మూడు నిమిషాలు మాత్రమే మాట్లాడారు. షిఫ్టులో తనతో పనిచేసిన ఖలాసీల పేర్లు ఒక్కొక్కటే చెప్పి నమస్కరించారు. పిన్నిగారు కళ్ళు తుడుచుకోలేదు, మాట్లాడలేదు. అయిపోయిన తరువాత, "మళ్ళీ పెట్టు నాయనా, ఆ మూలన కూర్చున్న వాళ్ళెవరో చెబుతాను" అన్నారు.

రెండవసారి చూస్తున్నప్పుడు ఆమె చెప్పిన పేర్లను మేము కాగితంపై రాసుకున్నాము. ఇరవై ఏడు పేర్లు. అందులో మేము గుర్తుపట్టగలిగినవి తొమ్మిదే. మిగిలిన పద్దెనిమిది మందిని పేరుతో చెప్పగలవారు మా ఎరుకలో పిన్నిగారు ఒక్కరే. ఆ కాగితాన్ని టైపు చేసి, నకలుతో పాటు భద్రపరచి, ఆమె పిల్లలకూ పంపాము.

టేపు పాడైతే బొమ్మ పోతుంది. బొమ్మ నిలిచినా అందులోని వారిని గుర్తుపట్టేవారు లేకపోతే అది ఎవరిదో తెలియని బొమ్మగా మిగులుతుంది. అందుచేత మన సిబ్బంది కుటుంబాలకు మా విన్నపం ఇది. ఈ నెలలో ఒక సెలవు రోజున అటక ఎక్కండి. కేసెట్లను దింపి, వెలుతురులో చూసి, ఒక్కొక్కదానిపై ఏ సందర్భమో రాయండి. యంత్రాన్ని పరీక్షించిన తరువాతే తీగ కలపండి. కలిపిన రోజున ఇంటి పెద్దలను పక్కన కూర్చోబెట్టుకొని, చేతిలో ఒక కాగితం, కలం ఉంచుకోండి.